వినుట, చెవియొగ్గుట
(‘హార్కెన్’ అను పాత ఇంగ్లీషు మాటను గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 15వ అధ్యాయము, మార్కు 4:1-20, అపొస్తలుల కార్యములు 12:12-16, మలాకీ 3:16.



మన సంఘములలో చదువుకొనుచున్న యౌవనస్థులు కొందరు తెలుగు బైబిలుతో పాటు ఇంగ్లీషు బైబిలును కూడ చదువుచున్నారు. 1611వ సంవత్సరమున అచ్చయిన కింగ్ జేమ్స్ తర్జుమాను చేతపట్టినవారికి ఒక మాట పదే పదే ఎదురగును. అది ‘హార్కెన్’ అను మాట. బడిలో నేర్పు ఇంగ్లీషులో అది కనబడదు. నిఘంటువు తీసి చూచినయెడల ‘వినుట’ అని యుండును. అయితే వినుటకు ‘హియర్’ అను మాట ఆ బైబిలులోనే యున్నది గదా! రెండవ మాట ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనినయెడల ఇంగ్లీషు రానివారికి సహితము మేలు కలుగును. ఏలయనగా ఇది భాషను గూర్చిన సంగతి మాత్రమే కాదు, మన చెవులను గూర్చిన సంగతి.

1. మాట యొక్క వాడుక

‘హియర్’ అనగా శబ్దము చెవిని పడుట. కుక్క మొరిగినను, బండి పోయినను, వాన కురిసినను మనము కోరకయే అవి మన చెవిని పడును. ‘హార్కెన్’ అట్టిది కాదు. ఒకడు చెప్పుచున్నదానిని కావలెనని, మనస్సు పెట్టి, దాని ప్రకారము నడుచుకొనుటకు సిద్ధపడి ఆలకించుటయే హార్కెన్. ఇది వెయ్యి సంవత్సరములకు పూర్వపు ఇంగ్లీషులోనే యున్న మాట. వ్రాతలో దీని తరువాత సాధారణముగా ‘టు’ లేక ‘అన్‌టు’ అను చిన్న మాట వచ్చును. అనగా ఎవరికి చెవియొగ్గుచున్నామో ఆ వ్యక్తిని చూపవలెను. ప్రసంగమునకు ముందు జనులను పిలుచునప్పుడు ఇది ఆజ్ఞగా ఒంటరిగా కూడ నిలుచును.

‘హార్క్’ అనునది దీనికి దగ్గర బంధువు. అది ఎక్కువగా ‘అదిగో వినుడి!’ అను కేకగా వాడబడినది. చార్లెస్ వెస్లీ 1739లో ప్రచురించిన ప్రసిద్ధమైన క్రిస్మసు కీర్తన ఈ మాటతోనే ఆరంభమగును. 1753లో జార్జి విట్‌ఫీల్డు ఆ మొదటి చరణమును మార్చినప్పుడు కూడ ఈ తొలిమాటను మాత్రము తీసివేయలేదు. వేటగాండ్రు దారి తప్పిన కుక్కలను వెనుకకు పిలుచుటకు కూడ ఈ కేకనే వాడిరి. అందుచేత గడచిన సంగతికి తిరిగి పోవుటను ఇంగ్లీషులో ‘హార్క్ బ్యాక్’ అందురు. నేటి పత్రికలలో ‘హార్కెన్ బ్యాక్’ అనియు వ్రాయుదురు. బైబిలులోని హార్కెన్‌కు ఆ అర్థము లేదు.

1978లో పూర్తి బైబిలుగా వెలువడిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ వంటి తర్జుమాలలో ఈ పాత మాటకు బదులుగా ‘లిజన్’ మొదలైన సులభమైన మాటలను వేసిరి. చదువుట సులువైనది. అయితే వినుటలోనే లోబడుట ఇమిడియున్నదను సంగతిని చదువరి తానే జ్ఞాపకముంచుకొనవలెను.

2. మన తెలుగు మాట యొక్క ధనము

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో ‘షామా’ అను క్రియకు వినుట అనియు, లోబడుట అనియు రెండర్థములున్నవి. ఈ విషయములో మన తెలుగు హెబ్రీ భాషకు తీసిపోదు. “మా పిల్లవాడు మాట వినడు” అని తల్లి చెప్పునప్పుడు వానికి చెవుడు అని ఎవరును అనుకొనరు. వాడు చెప్పినట్లు చేయడని గ్రహింతురు. హార్కెన్ అను ఒక్క మాటలో పాత ఇంగ్లీషువారు దాచుకొనిన సంగతిని మన పల్లెలలోని ప్రతి తల్లియు దినదినము పలుకుచున్నది.

‘చెవియొగ్గుట’ అనునది మరింత చక్కని మాట. దోసిలి ఒగ్గుదుము, కొంగు ఒగ్గుదుము. ఎదుటివాడు వేయునది క్రింద పడకుండ పట్టుకొనుటకే గదా ఒగ్గుట! చెవి నొగ్గుట కూడ అట్టిదే. దీనికి ఎదురైనది పెడచెవిని పెట్టుట. అట్టివానికి శబ్దము వినబడును గాని మాట లోపలికి పోదు.

3. గొఱ్ఱెల అరుపు

సౌలు కథను చూడుడి. అధ్యాయము ఆరంభమందే దేవుని మాటకు చెవియొగ్గుమని సమూయేలు అతనికి చెప్పెను. సౌలు యుద్ధమునకు పోయెను, జయించెను, అయితే మంచి గొఱ్ఱెలను ఎడ్లను మిగిల్చుకొనెను. ప్రవక్త వచ్చినప్పుడు నేను ఆజ్ఞను నెరవేర్చితినని ధైర్యముగా పలికెను. అంతలో గొఱ్ఱెలు అరచెను! రాజు నోటి మాటను మంద కాదనెను. అవి బలికొరకే యని సౌలు సాకు చెప్పగా, పొట్టేళ్ల క్రొవ్వుకంటె మాట వినుటయే దేవునికి ఇష్టమని సమూయేలు తీర్పు చెప్పెను (22వ వచనము). కింగ్ జేమ్స్ తర్జుమాలో అక్కడ ఉన్నది హార్కెన్ అను మాటయే.

ఆ తరువాత సౌలు ఒప్పుకొనిన సంగతి గమనింపదగినది. జనులకు భయపడి వారి మాట వింటినని అతడు చెప్పెను (24వ వచనము). హెబ్రీలో అదే ‘షామా’. కాబట్టి సౌలు చెవి మూసికొనినవాడు కాడు, వేరొకరివైపు త్రిప్పుకొనినవాడు. ఆదికాండము 3:17లో ఆదాము మీద మోపబడిన నేరము కూడ ఇట్టిదే. ప్రతి మనుష్యుడు ఎవరికో ఒకరికి చెవియొగ్గుచునే యున్నాడు. పంట అమ్మిన దినమున, పెండ్లి కట్నము మాటలాడు దినమున, అన్నదమ్ములు గట్టు తగాదా పడిన దినమున మనము ఎవరి మాట వినుచున్నాము? ఆరాధనలో పాడిన పాటలను గొఱ్ఱెల అరుపు కాదనకుండునా?

4. వినలేని దినములు

అయితే విననివారందరు ఒక్కటి కాదు. ఫరో హృదయము కఠినమైనందున వినలేదు (నిర్గమకాండము 7:13). ఇశ్రాయేలీయులు మోషే మాట విననిది మనోవ్యాకులమును బట్టియు, కఠినమైన దాస్యమును బట్టియు (6:9). ఇంగ్లీషులో రెండుచోట్లను ఇదే మాట. కాని దేవుడు ఫరోను శిక్షించెను, ఇశ్రాయేలీయులనో వినకపోయినను విడిపించెను. అప్పుల భారముతో, రోగముతో కృంగిన సహోదరుడు గుడిలో కూర్చుండియు వినలేకున్నయెడల, పెద్దలారా, వానిని ఫరో వరుసలో నిలువబెట్టకుడి. ముందు మీరు వాని మాట వినుడి.

5. తలుపు తీయని చిన్నది

పేతురు చెరసాలనుండి విడిపింపబడి మార్కు అను మారుపేరు గల యోహాను తల్లియింటికి వచ్చి తలుపు తట్టెను. రొదే అను చిన్నది ఆలకించుటకు వచ్చెను. పాత ఇంగ్లీషులో ఇక్కడ కూడ హార్కెన్ అనియే యున్నది. ఆమె పేతురు స్వరమును గుర్తుపట్టెను. ఎంత మంచి చెవి! అయినను సంతోషముచేత తలుపు తీయక లోపలికి పరుగెత్తెను. లోపల ప్రార్థించుచున్నవారు ఆమెను నమ్మలేదు. ప్రార్థనకు వచ్చిన జవాబు బయట నిలిచి తట్టుచునే యుండెను. స్వరమును గుర్తుపట్టి ఆనందించుట మంచిదే. గడియ తీయువరకు వినుట ముగియలేదు.

6. విత్తువాని కేక

మన ప్రభువు విత్తువాని ఉపమానమును వినుడని పిలిచి ఆరంభించెను (మార్కు 4:3), చెవులు గలవారు వినవలెనని ముగించెను (9వ వచనము). త్రోవ, రాతినేల, ముండ్లపొద, మంచి నేల, ఈ నాలుగును వాక్యము వినినవారినే సూచించుచున్నవి. విత్తనము అందరికి ఒక్కటే. దానిని పట్టుకొనినది ఒక్క నేలయే. దున్నని పొలములో గింజ చల్లి పంటకు ఎదురుచూచు రైతు మనలో ఎవడును లేడు. మరి దున్నని హృదయముతో ప్రతి ఆదివారము కూర్చుండి ఫలమునకు ఎదురుచూచుట న్యాయమా?

7. దేవుడు చెవియొగ్గును

చివరకు గొప్ప ఆదరణ ఒకటి. కింగ్ జేమ్స్ తర్జుమాలో మలాకీ 3:16న హార్కెన్, హియర్ అను రెండు మాటలును ఒకదాని వెంట ఒకటి దేవుని గూర్చియే వాడబడినవి. కాలము చెడినప్పుడు దేవునియందు భయభక్తులు గలవారు ఒకరితో ఒకరు మాటలాడుకొనిరి. ఆయన వంగి చెవియొగ్గెను, వినెను, వారి పేరట జ్ఞాపకార్థమైన గ్రంథము వ్రాయబడెను. వారు పెద్ద సభ చేసిరని అక్కడ లేదు. దీపపు వెలుగులో ఇద్దరు ముగ్గురు మెల్లగా చెప్పుకొనిన మాటకు కూడ పరలోకము చెవియొగ్గును. మనకు ఒగ్గుమని చెప్పినవాడు తానే ముందుగా ఒగ్గెను.

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు

1. గత ఆదివారపు వాక్యములో నేను చేయుటకు పూనుకొనిన పని ఒకటి చెప్పగలనా?
2. సౌలువలె నేను భయపడి ఎవరి మాట వినుచున్నాను?
3. నా ఇంటిలో ఎవరి మాటను నేను పెడచెవిని పెట్టుచున్నాను?

ప్రార్థన

ప్రభువా, మా మెల్లని మాటకు చెవియొగ్గు దేవుడవు నీవే. మా చెవులను నీవైపు త్రిప్పుము. వినిన మాటకు తలుపు తీయు కృపను మాకు దయచేయుము. ఆమేన్.