బోధన్ చక్కెర, నిజామాబాద్ పసుపు: పేగు పొర ఎవరిని రానిస్తుంది?

పేగు కణత్వచం కొవ్వు పొర కనుక కొవ్వులో కరిగేదే లోపలికి పోతుందని చదివి వదిలేస్తే సగమే నేర్చుకున్నట్టు. చిన్నపేగు సూక్ష్మచూషకాల పొరలో ఫాస్ఫోలిపిడ్లతో పాటు కొలెస్టరాల్, గ్లైకోస్ఫింగోలిపిడ్లు దండిగా ఉంటాయి. అందుకే అది కణం అడుగు పొరకన్నా బిగుతు. 2015లో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్ తీసిన చక్కెర ఆ పొరను నేరుగా దాటలేదు. సుక్రేజ్ దాన్ని విడగొట్టాక గ్లూకోజ్ సోడియంతో కలిసి ఎస్‌జీఎల్‌టీ1 ప్రోటీన్ ద్వారా, ఫ్రక్టోజ్ గ్లూట్5 ద్వారా లోపలికి చేరతాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ సోడియం, గ్లూకోజ్ జోడీ మీదే. పరీక్షకే కాదు, ప్రాణానికీ అక్కరకొచ్చే విషయమిది.

మరి కొవ్వులో కరిగే కుర్కుమిన్, అంటే 2025లో జాతీయ పసుపు బోర్డు కొలువుదీరిన నిజామాబాద్ పసుపులోని రంగు పదార్థం, సులువుగా రక్తంలోకి చేరాలి కదా అని అడగవచ్చు. చేరదు. నీటిలో దాదాపు కరగదు కనుక పొర దాకా వచ్చేదే కొంచెం. వచ్చినదాన్నీ పేగు గోడ, కాలేయం త్వరత్వరగా మార్చేస్తాయి.