రెండు మట్టికట్టలు

పొదిలి నుండి మార్కాపురము మీదుగా పడమరకు పోయినచో కంభము చెరువు కానవచ్చును. కొండల నడుమ గుండ్లకమ్మ నదికి అడ్డముగా వేసిన ఆ మట్టికట్టను విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. వట్టి మట్టి ఇన్ని శతాబ్దములెట్లు నిలిచినది? వరదనీరు కట్టపై పొరలకుండ ప్రక్కకు పోవుటకు అలుగు గలదు. కట్టకు వెలుపల తేటనీరు ఊరుట సామాన్యమే. ఆ ఊట బురదగా మారినచో లోపలి మట్టి కొట్టుకొని పోవుచున్నదని గుర్తు. రైతులు దానిని వెంటనే కనిపెట్టుదురు.

గనుల వద్దను మట్టికట్టలు గలవు. రాతిని పొడిచేసి ఖనిజమును తీసిన పిదప మిగులు సన్నని బురదను వాని వెనుక నిలువ చేయుదురు. కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియపు గనికి అట్టి మడుగున్నది. చెరువునీరు పైరులకు పోయి తరుగును. ఈ బురద పెరుగుటయే గాని తరుగుట లేదు. గని మూతపడినను అది అచటనే యుండును.

బ్రెజిల్ దేశమున బ్రుమాజిన్యో వద్ద ఒక ఇనుపగని కట్టను పాత బురదపైననే అంచెలంచెలుగా ఎత్తు పెంచిరి. బురద పోయుట మానిన కొన్నేండ్లకు, 2019 జనవరి 25న, మధ్యాహ్న భోజనవేళ, అది తెగినది. లోపల నిలిచిన తడిచే గట్టిబురద ఒక్కసారిగా నీటివలె పారినది. దిగువనున్న భోజనశాలయు ఇండ్లును మునిగి 270 మంది మరణించిరి. ఆ యేడే బ్రెజిల్ ఆ పద్ధతిని నిషేధించినది.

మన దేశపు 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము నదులకును ఉపనదులకును అడ్డముగా కట్టినవానిని గూర్చినది. యురేనియపు మడుగులను అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షించును. ఇట్టి కట్టలలో గొట్టములు దించి లోపలి నీటిమట్టమును కొలుచుట వాడుక. చెరువుకట్టపై నడచు రైతు తడిమచ్చను తానే చూచును. గనికట్టపైకి బయటివారు పోజాలరు. కావున ఆ కొలతలు దిగువ గ్రామములవారికి ఎప్పటికప్పుడు చేరవలెననుట న్యాయమైన కోరిక.