పురుగు తిండితో పరిశోధన బాట

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బైపీసీ విద్యార్థుల్ని ఎవర్ని కదిపినా వినిపించే మాట నీట్. మెడికల్ సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్, అదీ కుదరకపోతే ఏదో ఒక డిగ్రీ. జీవశాస్త్రం మీద నిజంగా మక్కువ ఉన్నవాళ్లకు పరిశోధన అనే దారి ఉంది. అందులో చేసే పనేమిటో మిల్లీమీటరు పొడవున్న ఓ పురుగు ద్వారా తెలుసుకుందాం.

ఏం చేస్తారు?

సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ మట్టిలో, కుళ్లిన పండ్లలో బతికే నులిపురుగు. మన కడుపులో చేరే రకం కాదు. మూడు రోజుల్లో పెద్దదవుతుంది, రెండు మూడు వారాలు బతుకుతుంది. అందుకే ముసలితనం మీద ప్రయోగమైనా నెల తిరిగేసరికి తేలిపోతుంది. దీని తిండి బ్యాక్టీరియా. ల్యాబుల్లో మామూలుగా ఈ.కొలై ఓపీ50 రకం పెడతారు.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మరియన్ వాల్‌హౌట్ బృందం కొమమోనాస్ అనే బ్యాక్టీరియా పెట్టి చూసింది. పురుగులు త్వరగా ఎదిగాయి, తక్కువ గుడ్లు పెట్టాయి, ముందే చనిపోయాయి. ఎదుగుదల వేగం వెనక ఆ బ్యాక్టీరియా తయారుచేసే విటమిన్ బీ12 ఉందని 2014లో ప్రకటించింది. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో అర్ణబ్ ముఖోపాధ్యాయ బృందం ఎఫ్ఎల్ఆర్-4 జన్యువులో లోపమున్న పురుగుల్ని పరిశీలించింది. అవి హెచ్‌టీ115 రకం ఈ.కొలై తింటే ఎక్కువకాలం బతికాయి, ఓపీ50 తింటే ఆ లాభం లేదు. అంటే ఆయుష్షు లెక్క జన్యువు ఒక్కదాని చేతిలోనే లేదు.

ఎవరికి సరిపోతుంది?

సన్నని ప్లాటినం తీగతో పురుగుల్ని తాకి, కదలనివాటిని చనిపోయినవిగా రాసుకుంటూ రోజుల తరబడి లెక్కపెట్టగల ఓపిక కావాలి. ప్లేట్లో వేరే సూక్ష్మజీవి చేరితే పని మళ్లీ మొదటికొస్తుంది. పదో తరగతితో లెక్కలకు దండం పెట్టేసినవాళ్లు స్టాటిస్టిక్స్ నేర్చుకోక తప్పదు. ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే ఇంకా మంచిది.

ఎలా చేరాలి?

* ఇంటర్ తర్వాత: పరిశోధన విద్యాసంస్థలైన ఐసర్లలో (తిరుపతి సహా) చేరడానికి ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఏటీలో గణితం ప్రశ్నలూ ఉంటాయి.
* బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీకి: ఐఐటీ జామ్, గ్యాట్-బి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ.
* పీహెచ్‌డీకి: సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, పైన ఇంటి అద్దె భత్యం.

పీహెచ్‌డీ తర్వాత కూడా శాస్త్రవేత్తగా స్థిరపడటానికి కొన్నేళ్లు పడుతుంది. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. అంతకాలం ఆగలేనివాళ్లకు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీతో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ కంపెనీల్లోనో ఫార్మా నాణ్యతా విభాగాల్లోనో అవకాశాలుంటాయి.

ముందు రుచి చూడండి

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. వస్తే రెండు నెలలు నిజమైన ల్యాబులో పని చేయొచ్చు. అక్కడ లెక్కపెట్టడమే విసుగనిపిస్తే ఇది మీ రంగం కాదు. ఆ సంగతి పీహెచ్‌డీ మూడో ఏట కన్నా డిగ్రీలోనే తెలియడం మేలు.