వర్షిచ్ కనుమను రెండువైపుల నుంచీ ఎక్కు

చిరంజీవి బుజ్జికి,



స్లొవేనియా బైకు ప్రయాణానికి నువ్వు వేసి పంపిన పట్టిక చూశాను. మూడు రోజుల్లో బ్లెడ్ సరస్సు, పోస్టోయ్నా గుహలు, పిరాన్ సముద్రతీరం, మాంగర్ట్ శిఖరం దారి, వర్షిచ్ కనుమ, తిరిగి మ్యూనిక్. పటం మీద అన్నీ జానెడు దూరంలోనే ఉంటాయి, కాదనను. స్లొవేనియా మొత్తం 20,273 చదరపు కిలోమీటర్లు, మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. అందుకే చాలామంది ఆ దేశాన్ని ఒక్క వారాంతంలో చుట్టేస్తారు. అలా చుట్టొచ్చినవాళ్ళని ఏం చూశావని అడిగితే పెట్రోలు బంకుల పేర్లు చెప్తారు.

నా మాట విని పట్టికలో సగానికి పైగా కొట్టెయ్. బైకు నేర్చుకుంటున్నవాళ్ళకి అక్కడ ఉన్న అసలు ఆస్తి ఒక్కటే: వర్షిచ్ మీదుగా సోచా నది లోయలోకి దిగే రోడ్డు. దాన్ని ఈ వైపు నుంచి ఒకసారి, ఆ వైపు నుంచి ఒకసారి నడుపు. ఎందుకో చెప్తాను.

ఆ కనుమ ఎత్తు 1,611 మీటర్లు. ఉత్తరాన క్రాన్స్‌కా గోరా ఊరి నుంచి ఎక్కడానికి 24 హెయిర్‌పిన్ మలుపులు, దక్షిణాన ట్రెంటా వైపు దిగడానికి 26. మొత్తం యాభై. ప్రతి మలుపు దగ్గరా దాని అంకె, అక్కడి ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కదా, ఇక్కడ అలా కాదు. అదే రోడ్డు మీద ఎదురుగా బస్సులొస్తాయి, ఇల్లంత క్యాంపర్ వ్యాన్లొస్తాయి, చెమటలు కక్కుతూ సైకిళ్ళవాళ్ళొస్తారు.

ఇక అసలు పాఠం. అక్కడ కుడివైపు నడపాలి. అంటే కుడికి తిరిగే మలుపులో నీ వరస లోపలి వైపున పడుతుంది. ఇరుగ్గా ఉంటుంది, నిటారుగా ఉంటుంది. ఎడమకి తిరిగే మలుపులో నీది బయటి వరస, తిరగడానికి కావలసినంత చోటు. విశాఖ రోడ్ల మీద స్కూటీ నడిపిన నీ చేతికి, ఒంటికి దీనికి సరిగ్గా వ్యతిరేకం అలవాటు. ఎక్కేటప్పుడు నిన్ను హడలగొట్టిన కుడి మలుపే తిరుగు ప్రయాణంలో వెడల్పాటి ఎడమ మలుపైపోతుంది. వెళ్ళేటప్పుడు సులువుగా జారిపోయినది వచ్చేటప్పుడు నిన్ను పరీక్షిస్తుంది. ఐదు కొత్త కనుమలు ఎక్కినా ఈ తేడా ఒంటికి పట్టదు. తెలిసిన రోడ్డు అయితేనే కళ్ళు దారి వెతుక్కోవడం మానేసి, బైకు ఏం చేస్తోందో గమనిస్తాయి.

నిటారు కుడి మలుపులో కొత్తవాళ్ళు పడిపోయేది వేగం వల్ల కాదు, వేగం చాలక. మధ్యలో భయమేసి క్లచ్ మొత్తం నొక్కేస్తారు, ఇంజన్ లాగడం ఆగిపోతుంది, బండి లోపలి వైపు ఒరిగిపోతుంది. మలుపు రాకముందే మొదటి గేరుకో రెండో గేరుకో దిగిపో. తల పూర్తిగా తిప్పి పైన రోడ్డు ఎటు వెళ్తోందో అటు చూడు. ముందు చక్రం వైపు చూశావా, బండి అక్కడికే పోతుంది. వేగం మరీ ఎక్కువనిపిస్తే వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించు, యాక్సిలరేటర్ మాత్రం వదలకు. దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీద వెయ్యకుండా తక్కువ గేరులో ఇంజన్‌నే పట్టుకోనివ్వు.

ఉత్తరం వైపు ఇంకో చిక్కుంది. ఆ మలుపుల్లో తారు ఉండదు, పాతకాలపు రాళ్ళు పరిచి ఉంటాయి. ఎండలో ఏమీ అనవు. వాన పడితే సబ్బు రాసినట్టే. తడి రాళ్ళ మీద బండిని వంచకు, నిలువుగా ఉంచి నెమ్మదిగా తిప్పు, ముందు బ్రేకు జోలికి వెళ్ళకు. వేసవిలో ఆ కొండల మీద ఉరుములు తరచుగా మధ్యాహ్నం దాటాకే మొదలవుతాయి కాబట్టి, పొద్దున్నే బయల్దేరితే ఈ చిక్కు సగం తప్పుతుంది. జనం కూడా తక్కువ. చలికాలంలో మంచుకి ఆ రోడ్డు మూసేస్తారు. జులై, ఆగస్టుల్లో రద్దీ. నువ్వు అనుకున్న సెప్టెంబరే సరైనది.

ఎనిమిదో మలుపు దగ్గర బండి ఆపు. రోడ్డుకి కొంచెం పైన చెక్కతో కట్టిన చిన్న రష్యన్ ప్రార్థనా మందిరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యం సోచా యుద్ధరంగానికి సరుకులు చేరవేయడానికి ఈ రోడ్డు వేయించింది. వేసినవాళ్ళు రష్యన్ యుద్ధఖైదీలు. 1916 మార్చిలో మంచు చరియ విరిగిపడి ఒక శిబిరమే పూడిపోయింది, వందకు పైగా మనుషులు పోయారు. బతికిన తోటి ఖైదీలు కట్టుకున్నది ఆ మందిరం. ఇవాళ మనం సరదాగా వంగి తిరిగే ఈ రోడ్డుకి రష్యన్ రోడ్డనే పేరు కూడా ఉంది. అక్కడ హెల్మెట్ తీసి కాసేపు కూర్చో, తొందరేం లేదు.

అవతలి వైపు దిగాక సోచా కనిపిస్తుంది. ఆ నీళ్ళ రంగు గురించి నేను చెప్పినా నువ్వు నమ్మవు, ఫోటోలో రంగు పెంచారనుకుంటావు. సున్నపురాయి కొండల్లోంచి వస్తుంది కాబట్టి ఆ పచ్చ. నది పుట్టే చోటుకి ప్రధాన రోడ్డు నుంచి చిన్న దారి చీలుతుంది, చివర రాళ్ళ మీద కాలినడక. బైకు బూట్లతో ఆఖరి భాగం కష్టం, మామూలు షూస్ సంచిలో పెట్టుకో. ట్రెంటా నుంచి బోవెట్స్ దాకా రోడ్డు నదిని వదలదు. ఇక్కడ మలుపులు సుతారంగా ఉంటాయి. పైన పడ్డ కష్టానికి ఇదే కూలి.

బోవెట్స్‌లో రాత్రి ఆగి, మర్నాడు కోబరీద్ వెళ్ళు. 1915 నుంచి 1917 వరకూ ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ ఈ నది వెంట పన్నెండు యుద్ధాలు చేశాయి. పన్నెండోది, 1917 అక్టోబరులో ఇటలీ సైన్యం కుప్పకూలినది, ఈ ఊరి పేరుతోనే చరిత్రలో నిలిచింది. ఇటాలియన్‌లో కపోరెట్టో అంటారు. హెమింగ్వే 1929 నాటి నవల ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’లో ఆ తిరోగమనాన్ని వర్ణించాడు. ఆయన ఇటలీలో అడుగుపెట్టిందే 1918లో. చూడకుండా రాసినా, ఆ వానలో తడిసిన రోడ్డు మన కళ్ళకి కడుతుంది. కోబరీద్ మ్యూజియంలో తీరిగ్గా రెండు గంటలు గడుపు. తర్వాత అక్కడి తీపి ష్ట్రుక్లీ తిను. లోపల వాల్‌నట్లు, ఎండుద్రాక్ష పెట్టి ఉడికిస్తారు. నువ్వు మాంసం ముట్టవు కాబట్టి నీకు అదే గతి, మంచి గతే.

మాంగర్ట్ మీద మోజు నాకు అర్థమైంది. అది స్లొవేనియాలో అన్నిటికంటే ఎత్తైన రోడ్డు, రెండు వేల మీటర్లు దాటుతుంది. కానీ ఇరుకు, సొరంగాల్లో చీకటి, ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాలి. ఏ2 లైసెన్సు తీసుకుని ఒక వేసవి కూడా కాని మనిషికి అది వద్దు. బ్లెడ్ ఎక్కడికీ పోదు, మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు రైల్లో తీసుకెళ్ళు. పిరాన్ బాగుంటుంది కానీ అక్కడికి వెళ్ళాలంటే దారిలో చాలా భాగం మోటర్‌వే. మోటర్‌వే మీద బైకు నడపడంలో నేర్చుకునేదేముంది?

వాన పట్టుకుని, తిరుగుదారిలో వర్షిచ్ ఎక్కే ధైర్యం లేకపోతే సిగ్గుపడకు. మోస్ట్ నా సోచీ అనే ఊళ్ళో కార్లనీ బైకుల్నీ ఎక్కించుకునే రైలుంది. 1906లో తెరిచిన బోహిన్ సొరంగం గుండా, ఆరు కిలోమీటర్లకు పైగా కొండ కింద నుంచి, నిన్ను బోహిన్స్‌కా బిస్ట్రిట్సాలో దించుతుంది. టైమింగులు ముందే చూసుకో.

మ్యూనిక్ నుంచి వచ్చేటప్పుడు ఆస్ట్రియాలోని వుర్ట్సెన్ కనుమ దగ్గరదారిలా కనిపిస్తుంది. అటు వద్దు, కొన్నిచోట్ల మరీ నిటారు. ఇటలీలోని టార్వీసియో మీదుగా స్లొవేనియాలోని రాటెచేకి రా, సాఫీగా ఉంటుంది. స్లొవేనియా మోటర్‌వే ఎక్కకపోతే వాళ్ళ ఈ-వీన్యెట్ అనే టోల్ పాస్ అక్కర్లేదు, ఆస్ట్రియాది మాత్రం కావాలి. ఊళ్ళో 50, ఊరి బయట 90 దాటకు. పగలైనా హెడ్‌లైట్ వెలగాలి. కొత్త లైసెన్సువాళ్ళ ఊపిరిలో మద్యం చుక్క కూడా ఉండకూడదు, నీకు ఆ బాధ లేదనుకో. ఎదురొచ్చే బైకువాళ్ళు ఎడమచెయ్యి కిందికి చాచి పలకరిస్తారు. తిన్నని రోడ్డు మీద నువ్వూ చెయ్యి చాచు, మలుపులో మాత్రం రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. వాళ్ళేమీ అనుకోరు.

పెట్రోలు క్రాన్స్‌కా గోరాలోనే నింపుకో, బోవెట్స్ దాకా బంకు మీద ఆశ పెట్టుకోకు. బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి చూసి, చైన్‌కి నూనె వెయ్యి. అక్కయ్యకి బైకు సంగతి నేను నెమ్మదిగా చెప్తాను, నువ్వు తొందరపడి ఫోటోలు పంపకు.

మీ మావయ్య