స్క్రీన్‌షాట్ అలర్ట్ మీ పిల్లల్ని కాపాడదు

"స్నాప్‌చాట్‌లో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే నాకు వెంటనే తెలిసిపోతుందమ్మా, నీకెందుకు భయం?" ఎదిగే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినబడుతోంది. పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. ఆ యాప్‌లో నిజంగానే కబురు వస్తుంది. కానీ అది వచ్చేసరికి ఫోటో అవతలివాళ్ల గ్యాలరీలో చేరిపోయి ఉంటుంది. తెలియడం వేరు, ఆగడం వేరు. పిల్లలు ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటున్నారు. వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సింది దీని గురించే.

ముందు ఏ యాప్ సంగతి ఏమిటో పెద్దలకు తెలియాలి. వాట్సాప్‌లో మామూలు చాట్‌ను ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా ఎవరికీ తెలియదు. ఒక్కసారి చూడగానే మాయమయ్యే 'వ్యూ వన్స్' ఫోటోలు 2021 ఆగస్టులో వచ్చాయి. ఆ తర్వాతి ఏడాది వాటిని స్క్రీన్‌షాట్ తీయకుండా అడ్డుకట్ట వేశారు. ఇన్‌స్టాగ్రామ్ 2018లో స్టోరీలకు అలర్ట్ ఇచ్చే పద్ధతిని కొన్నాళ్లు పరీక్షించి మానేసింది. కాబట్టి మీ అమ్మాయి పెట్టిన స్టోరీనో, పోస్టునో ఎవరు దాచుకున్నా ఆ అమ్మాయికి కబురు రాదు. ఒక్కసారి చూసేలా మెసేజ్‌లో పంపే ఫోటోలు, వీడియోల విషయంలో స్క్రీన్‌షాట్‌ను, స్క్రీన్ రికార్డింగ్‌ను ఆపేస్తున్నట్టు 2024 అక్టోబరులో ఆ సంస్థ ప్రకటించింది. పిల్లల ఫోటోలతో బెదిరించి డబ్బు గుంజే ముఠాలు పెరగడమే అందుకు కారణం. ఈ ఏర్పాట్లు ఇలా మారుతూనే ఉంటాయి. నిరుడు చదివిన సంగతిని పట్టుకుని ఈ ఏడు ధీమాగా ఉండలేం.

అన్ని అలర్టులూ పెట్టినా, అన్ని అడ్డుకట్టలూ వేసినా, పక్కనుంచి ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీస్తే ఏ యాప్‌కూ తెలియదు. హైదరాబాద్‌లోని మన చిక్కడపల్లి ప్రాంతంలో ఇది ఊహించి చెప్పే ముచ్చట కాదు. ఇందిరా పార్కు దాటితే అశోక్‌నగర్ అంతా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు. నారాయణగూడ వైపు వెళితే స్కూళ్లు, కాలేజీలు. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ఒకరి ఫోన్ చార్జింగ్‌లో ఉంటే ఇంకొకరు తీసి చూస్తారు. పాస్‌వర్డ్ గదిలో అందరికీ తెలిసే ఉంటుంది. లైబ్రరీ మెట్ల మీద, టీ కొట్టు దగ్గర ఒక ఫోన్ మీదికి ఐదు తలలు వంగుతాయి. మీ బిడ్డ ఒక్కరికే పంపాననుకున్న ఫోటోను గది మొత్తం చూసి ఉండవచ్చు. పంపించుకున్న ఇద్దరూ మంచి పిల్లలే అయినా ఇది జరుగుతుంది. ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడి హాస్టళ్లలో దించి వెళ్లే తల్లిదండ్రులు బకెట్, పరుపు, ఫ్యాను చూసుకుంటారు. ఫోన్ లాక్ ఎవరికీ చెప్పవద్దన్న ఒక్క మాటా చెప్పి వెళ్లండి.

స్క్రీన్‌షాట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. అది ముందూ వెనకా లేని ముక్క. 2020 మే నెలలో ఢిల్లీలో 'బాయ్స్ లాకర్ రూమ్' అనే ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు చాట్లు బయటికి వచ్చి దేశమంతా గగ్గోలు పుట్టింది. స్కూలు పిల్లలు తోటి ఆడపిల్లల ఫోటోలు పెట్టుకుని నీచంగా మాట్లాడుకున్నారు. అంతవరకు నిజం. దానితో పాటు అత్యాచారం గురించి మాట్లాడుకున్న ఒక స్నాప్‌చాట్ స్క్రీన్‌షాట్ కూడా తిరిగింది. పోలీసులు విచారిస్తే అది ఆ గ్రూపుదే కాదని తేలింది. ఒక అమ్మాయి మగపిల్లవాడి పేరుతో నకిలీ ఖాతా తెరిచి, అవతలి కుర్రాడి గుణం పరీక్షించడానికి ఆ మాట అన్నది. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు, పైగా స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు చూపించాడు. చేతులు మారేసరికి దాని అర్థమే తలకిందులైంది. అందుకే ఎవరో మీకు మీ పిల్లల చాట్ ముక్క పంపి "చూడండి మీ అబ్బాయి ఏం చేశాడో" అంటే, దాన్ని ముఖాన కొట్టినట్టు చూపించి నిలదీయకండి. "దీనికి ముందు ఏం జరిగింది నాన్నా?" అని అడగండి. సమాధానం వినేంతసేపు ఆగండి.

ఇక పెద్దల సంగతి. పిల్లలకు గోప్యత గురించి చెప్పబోయే ముందు మన ఫోన్ ఒకసారి తీసి చూసుకోవాలి. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు బంధువుల గ్రూపుల నిండా మార్కుల మెమోలే. అందులో పిల్లల పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, స్కూలు పేరు అన్నీ ఉంటాయి. త్యాగరాయ గానసభలో పాప కూచిపూడి చేస్తే ఆ సంతోషం పదిమందితో పంచుకోవాలని ఏ తల్లికి ఉండదు? పంచుకోండి. కానీ ఎవరెవరు చూడగలరో ముందు సరిచూసుకోండి. స్కూలు, ఇల్లు, ట్యూషన్ వేళలు తెలిసేలా పెట్టకండి. అన్నింటికన్నా ముందు పాపను అడగండి. వద్దంటే పెట్టకండి. తన ఫోటో మీద తన మాట చెల్లుతుందని ఇంట్లోనే తెలిసిన పిల్ల, రేపు బయట ఎవరైనా ఫోటో పంపమని ఒత్తిడి చేస్తే కాదనగలుగుతుంది.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2024 జులైలో జరిగింది గుర్తు చేసుకోండి. ఒక తండ్రీ కూతుళ్ల వీడియోను పెట్టుకుని ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు లైవ్‌లో అసభ్యంగా మాట్లాడారు. నటుడు సాయి దుర్గా తేజ్ దాన్ని బయటపెట్టి రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల దృష్టికీ తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. తప్పు పూర్తిగా ఆ మాట్లాడినవాళ్లదే, ఆ కుటుంబానిది రవ్వంత కూడా కాదు. అయితే ముచ్చటపడి తీసుకున్న పిల్లల వీడియో ఎవరి చేతుల్లోకి పోతుందో ఆ రోజు తెలుగువాళ్లంతా చూశారు.

పిల్లల ఫోన్ తెరిచి చాట్లు చదవవచ్చా అని చాలామంది అడుగుతారు. పదేళ్ల పిల్లకైతే ఫోన్ ఇచ్చే రోజే "నేనూ చూస్తుంటాను" అని చెప్పి ఇవ్వండి. పదహారేళ్ల పిల్లకు తెలియకుండా చదవడం నాకు సమ్మతం కాదు. ప్రాణానికో, ఒంటికో ముప్పు ఉందని గట్టి అనుమానం వస్తే తప్ప ఆ పని వద్దు. ఆ చాట్‌లో మీ పిల్ల ఒక్కతే ఉండదు, ఆమెను నమ్మి చెప్పుకున్న స్నేహితురాలి బాధ కూడా ఉంటుంది. దాన్ని మీరు స్క్రీన్‌షాట్ తీసి ఆ అమ్మాయి తల్లికి పంపితే, మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ తర్వాత మీ పిల్ల మీకు ఏ సంగతీ చెప్పదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పునిచ్చింది.  గోప్యతకు దక్కిన ఆ గౌరవాన్ని కొంచెం ఇంట్లోకీ రానివ్వండి. దొంగచాటుగా చదివే బదులు ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ పెట్టించండి. 2025 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చింది. ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, పదహారు నిండని పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ సెట్టింగులు పిల్లల పక్కన కూర్చుని, వాళ్ల చేతనే పెట్టించండి.

మగపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే చెబుతున్నాం. ఆ ఫోటోను దాచేది, గ్రూపులో పెట్టేది ఎవరో ఆలోచించండి. పద్దెనిమిది నిండని పిల్లల నగ్న చిత్రాన్ని పంపడం ఐటీ చట్టం 67బీ కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. అలాంటివి చూడడం, ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "నేను తీయలేదు డాడీ, ఎవరో గ్రూపులో పెట్టారు" అన్నంత మాత్రాన సరిపోదు. అలాంటిది వచ్చిన క్షణమే మీకు చెప్పమనండి. చెప్పినందుకు మాత్రం కొట్టకండి. మగపిల్లలు కూడా ఫోటోల బెదిరింపులకు దొరికిపోతున్నారు. సిగ్గుతో వాళ్లు ఆడపిల్లల కన్నా ఎక్కువగా దాచుకుంటారు.

ఒకవేళ జరగరానిది జరిగి పిల్ల మీ ముందు నిలబడి ఏడిస్తే, మొదటి మాట "ఎందుకు పంపావ్?" అని రాకూడదు. "మంచిపని చేశావ్ బిడ్డా, నాకు చెప్పినవ్. నేనున్నా" అనండి. ఆ తర్వాతే మిగతా పని. బెదిరించేవాడికి రూపాయి కూడా పంపవద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్ చెరిపేయవద్దు. ఖాతా పేరు, బెదిరింపు మెసేజ్‌లు, తేదీ, వేళ కనబడేలా భద్రపరచండి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి అలర్ట్ వెళ్లి జాగ్రత్తపడతాడు, కాబట్టి ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీయండి. పిల్ల చిత్రాన్ని మాత్రం కాపీ తీయకండి, బంధువుల్లో లాయరున్నా, పోలీసున్నా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఫోన్‌నే తీసుకెళ్లి పోలీసులకు చూపించండి.

పిల్లలు, ఆడవాళ్ల మీద జరిగే ఆన్‌లైన్ నేరాలకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆడవాళ్ల రక్షణకు 2014 నుంచి పనిచేస్తున్న పోలీసుల షీ టీమ్స్ ఇలాంటి వేధింపుల ఫిర్యాదులు తీసుకుంటాయి. పిల్ల పోలీస్ స్టేషన్ అంటే బెదిరిపోతే, సైఫాబాద్ హాకా భవన్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. చిక్కడపల్లి నుంచి దూరమేమీ కాదు. పిల్లలతో మాట్లాడే తీరు తెలిసినవాళ్లు అక్కడ ఉంటారు.

అమ్మానాన్నలకు చెప్పడానికి మరీ భయపడే పిల్లలు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి తామే ఫోన్ చేయవచ్చు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. ఈ నంబరు మీ పిల్లలకు తెలుసో లేదో ఈ రోజే అడగండి, తెలియకపోతే మీరే వాళ్ల ఫోన్‌లో వేసి ఇవ్వండి.