బల్లమీది రైలుదారి

శ్రీకాకుళం జిల్లాలో సముద్రమునకు సమీపమున నౌపడ అను గ్రామము కలదు. చెన్నై నుండి హౌరాకు పోవు పెద్ద రైలుమార్గము ఆ గ్రామము మీదుగా పోవును. చుట్టునున్న ఉప్పుమళ్ళ వలన ఆ ఊరిపేరు దూరప్రాంతములకు కూడ తెలిసినది. 1900వ సంవత్సరములో అచ్చటినుండి మరియొక రైలుదారి బయలుదేరెను. పర్లాకిమిడి సంస్థానాధీశుడు తన పట్టణమును పెద్దమార్గముతో కలుపుటకై వేయించిన చిన్నదారి అది. పెద్దమార్గములో రెండు పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. ఈ చిన్నదారిలో 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు మాత్రమే. టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడి చేరి, 1931 నాటికి గుణుపురము వరకు సాగిన ఆ దారి పొడవు సుమారు 90 కిలోమీటర్లు. 2004లో చిన్నబండ్లు ఆగిపోయినవి. ఆ దారిని పెద్ద గేజికి మార్చగా 2011లో గుణుపురమునకు పెద్దబండ్లు నడువసాగినవి.

చిన్నబండి ఎక్కినవారు ఇంకను అనేకులు కలరు. కాని వారి పిల్లలకు అది వినికిడి మాత్రమే. పట్టాలు ఊడదీసిన దారిని మరల చూడగోరినవారికి మిగిలిన ఉపాయములలో ఒకటి దానిని చిన్న నమూనాగా చేసి బల్లమీద నడిపించుట. ఈ పనికి ఇంజను కొనుటకంటె ముందు కావలసినది కాగితము, పెన్సిలు, కొలబద్ద. పట్టాలు ఎచ్చట ఉండవలెనో, ఎచ్చట చీలవలెనో, ఎచ్చట వంగవలెనో నిర్ణయించు పటమే ఆ నమూనాకు ప్రాణము.

నమూనాకును ఆటబొమ్మకును భేదము కలదు. ఆటబొమ్మలో ఇంజను పెద్దదిగాను, స్టేషను చిన్నదిగాను ఉన్నను బాలురకు పట్టింపు లేదు. నమూనాలో ప్రతి వస్తువును ఒకే పాలున తగ్గవలెను. ప్రపంచమున ఎక్కువ వాడుకలోనున్న పాలు 87వ వంతు. 762 మిల్లీమీటర్లను 87చేత భాగించినచో 8.76 వచ్చును. 1960 తరువాత జర్మనీ మొదలగు దేశములలో 9 మిల్లీమీటర్ల గేజిగల పట్టాలు తయారై అంగళ్ళకు వచ్చినవి. వాటిని చేసినవారి ఉద్దేశము వేరు: పెద్దబండ్లను 160వ వంతుకు కుదించి వాటిపై నడుపుట. అయినను ఆ పట్టాలే 87వ వంతు నమూనాలో మన నౌపడ చిన్నదారికి ఇంచుమించు సరిపోవును. కాలు మిల్లీమీటరు తేడాను కన్ను పసిగట్టజాలదు.

అయితే నౌపడలో చిక్కు చిన్నదారితో కాదు, పెద్దదారితో వచ్చును. పెద్ద గేజిని 87చేత భాగించినచో 19.26 మిల్లీమీటర్లు కావలెను. ఈ పాలున అంగడిలో దొరకు పెద్దపట్టాల గేజి 16.5 మిల్లీమీటర్లే, ఏలయన అవి 1,435 మిల్లీమీటర్ల గేజిగల విదేశపు దారులకై చేయబడినవి. వాటిని తెచ్చి ప్రక్కన పరచినచో చిన్నదారికిని పెద్దదారికిని గల అంతరము తగ్గిపోవును. వాస్తవమున పెద్ద గేజి చిన్న గేజికి రెండు రెట్లకు మించియున్నది. నమూనాలో రెండు రెట్లు కూడ ఉండదు. నౌపడకు వచ్చిన ప్రయాణికుడు మొదట గమనించునది ఆ అంతరమునే కదా! దీనికి తరుణోపాయము లేకపోలేదు. నమూనాలో పెద్దబండి నడువనక్కరలేదు. రెండు వ్యాగనులు నిలిచియున్న చాలును. కావున చిన్న కొయ్యముక్కలపై రెండు పట్టాలను 19 మిల్లీమీటర్లకు కొంచెము మించిన ఎడముతో చేతితోనే అతికింపవచ్చును. నడువని దారికి కొలత తప్ప మరేమియు అక్కరలేదు.

ఇక బల్ల సంగతి. 90 కిలోమీటర్ల దారిని 87వ వంతుకు తగ్గించినను అది ఒక కిలోమీటరునకు మించును! అంత స్థలము ఏ యింటిలోను ఉండదు. సామాన్యముగా దొరకునది గోడప్రక్కన 2,400 మిల్లీమీటర్ల పొడవు, 600 మిల్లీమీటర్ల వెడల్పు గల బల్ల. కనుక పటము గీయువాడు మొదట చేయవలసినది చేర్చుట కాదు, విడుచుట. టెక్కలిని విడువవలెనా? పర్లాకిమిడిని విడువవలెనా? ఇది మనసునకు కష్టమైన పనియే. అందుచేతనే క్రొత్తవారు దేనిని విడువక, పటము నిండ పట్టాలు గీయుదురు. వలయములో వలయము, వంతెనపై వంతెన. అట్టి పటమును చూచినచో రైలుదారి గుర్తుకు రాదు, జిలేబి గుర్తుకు వచ్చును.

విడుచుటకు ఒక ఆధారము కావలెను. ఆ రైలు చేసిన పని యేమి అని ప్రశ్నించుకొన్నచో ఆ ఆధారము దొరకును. గేజి మారినచోట పెద్దబండి వ్యాగను చిన్నదారిలోనికి పోజాలదు. చిన్నబండి వ్యాగను పెద్దదారిలోనికి రాజాలదు. కనుక ప్రతి మూటయు ఒక బండినుండి దిగి మరియొక బండికి ఎక్కవలసినదే. ఆ దించుట, ఎక్కించుట జరుగు స్థలము నౌపడ. కావున నౌపడను ఉంచి తక్కిన స్టేషనులను విడుచుట న్యాయము.

రెండు స్టేషనులు పెట్టిన నష్టమేమి అని కొందరడుగుదురు. లెక్క వేసి చూడవచ్చును. నమూనాలో ఇంజను 100 మిల్లీమీటర్లు, ఒక్కొక్క పెట్టె 120 మిల్లీమీటర్లు అనుకొన్నచో, మూడు పెట్టెల బండి 460 మిల్లీమీటర్లగును. బండి స్టేషను చేరిన తరువాత ఇంజను విడివడి, ప్రక్కనున్న లూపు లైను గుండా వచ్చి, బండికి రెండవ కొనను తగులుకొనవలెను. లూపునకు ఇరుకొనలయందును పాయింట్లు కావలెను. ఒక పాయింటు 120 మిల్లీమీటర్లు. పాయింటు దాటగానే పెట్టెను నిలిపినచో ప్రక్కదారి బండికి తగులును గనుక, దారులు చాలినంత ఎడమగువరకు మరి 80 మిల్లీమీటర్లు విడువవలెను. ఇరుకొనలకును కలిపి 400. మూడు పెట్టెలు నిలుచుటకు కొంచెము సడలింపుతో 400. పాయింటు దాటి ఇంజను ఆగుటకు చివర 150. వెరసి 950 మిల్లీమీటర్లు. రెండు స్టేషనులకు 1,900 పోగా బల్లమీద మిగులునది 500. బండి తోక ఒక స్టేషను విడిచిన వెంటనే దాని ముక్కు రెండవ స్టేషనులో దూరును. ప్రయాణమే లేని రైలు అది.

ఒక్క నౌపడనే ఉంచినచో కథ మారును. బల్ల ఎడమవైపు 950 మిల్లీమీటర్లలో స్టేషను. తరువాత వరిచేల నడుమ తిన్నని దారి. కుడికొనలో ఒక వంపు. ఆ వంపును మరుగుపరచు తాటితోపు, దాని వెనుక కొండకొమ్ము. వంపు తిరిగిన దారి కొండవెనుక ఎడమవైపునకు వచ్చి మూడు గుప్తమైన లైనులుగా చీలును. టెక్కలి, పాతపట్నము, పర్లాకిమిడి, గుణుపురము అన్నియు ఆ మూడు లైనులలోనే ఉన్నవని భావింపవలెను. స్టేషను దాటిన తరువాత వంపు మొదలగువరకు సుమారు 1,160 మిల్లీమీటర్లు మిగులును. బండి పొడవునకు అది రెండున్నర రెట్లు. ఆ మాత్రము దూరములో బండి పొలములో ఒంటరిగా పోవుచున్నట్లు కన్నులకు తోచును.

వంపు విషయమున జాగ్రత్త అవసరము. 600 మిల్లీమీటర్ల బల్లపై దారి వెనుకకు తిరుగవలెనన్నచో 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధము పట్టదు, అంచులే మిగులవు. 228 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వంపుముక్కలు 9 మిల్లీమీటర్ల గేజిలో దొరకును. వాటితో ముందుదారి అంచునకు 80 మిల్లీమీటర్ల దూరమునను, వెనుకదారి వెనుక అంచునకు 64 మిల్లీమీటర్ల దూరమునను ఇమిడిపోవును. కాని 228 మిల్లీమీటర్లను 87చేత గుణించినచో వాస్తవపు కొలత దాదాపు 20 మీటర్లు. నౌపడ, టెక్కలి నడుమ నేల సమతలము. అట్టి మైదానములో రైలు అంత బిగువుగా తిరుగవలసిన పని లేదు. ఇచ్చట ఆ వంపు అబద్ధము. తాటితోపు వెనుక దాచుటకు కారణము అదియే. డార్జిలింగు కొండదారిలోనైతే సంగతి వేరు. రెండడుగుల గేజిగల ఆ దారిలో మిక్కిలి బిగువైన వంపునకు వ్యాసార్ధము 60 అడుగులు, అనగా 18 మీటర్లు మాత్రమే. అచ్చటి నమూనాలో 228 మిల్లీమీటర్ల వంపును దాచనక్కరలేదు, అందరికి ఎదుట ఉంచవచ్చును. ఒక దారికి నిజమైన కొలత మరియొక దారికి నిజము కానేరదు.

వంతెనల మోజు గలవారు ఎత్తును కూడ లెక్కింపవలెను. ఒక దారిపై మరియొక దారి దాటవలెనన్నచో సుమారు 60 మిల్లీమీటర్లు పైకెక్కవలెను. నలుబదికి ఒకటి చొప్పున ఎక్కినచో దానికి పట్టు పొడవు 2,400 మిల్లీమీటర్లు, అనగా బల్ల అంతయు! మైదానపు దారికి ఆ మోజు అనవసరము.

ఎడమకు వంగిన దారి వెంటనే కుడికి వంగరాదు. వంపుపై నిలిచిన పెట్టె కొనలు వెలుపలికిని, నడుము లోపలికిని జరుగును. వ్యతిరేకపు వంపులు రెండు కలిసినచోట ఒక పెట్టె కొన అటును, తరువాతి పెట్టె కొన ఇటును లాగబడి చక్రములు పట్టా విడుచును. నడుమ ఒక పెట్టె పొడవు తిన్నని ముక్క వేసినచో ఆ బాధ ఉండదు. పాయింటు రెండు బల్లల అతుకుపై పడరాదు. చేయి అందని చోటను పడరాదు. పట్టాతప్పిన బండి అచ్చటనే పట్టాతప్పుననుట అనుభవజ్ఞుల మాట.

ఇప్పుడు సరకు మార్పిడి స్థలము. పెద్దదారి ఒకవైపు, చిన్నదారి సైడింగు మరొకవైపు, నడుమ ఎత్తైన అరుగు. ఈ సైడింగు సరిగా పనిచేయునా లేదా అను సంగతి పటమును చూచుటచేత తెలియదు. దానిని పరీక్షించుటకు చవకైన సాధనము కలదు. పాత వార్తాపత్రికలను అతికించి, వాటిపై పటమును అసలు కొలతలతో గీయవలెను. ఇంజనునకు బదులు ఒక కుంకుడుగింజ, వ్యాగనులకు బదులు చింతపిక్కలు. నియమము ఒక్కటే: కుంకుడుగింజ చింతపిక్కను దాటి దూకరాదు.

పర్లాకిమిడి వైపునుండి మూడు వ్యాగనుల వడ్లు వచ్చినవనియు, సైడింగులో మూడు వ్యాగనుల ఉప్పు సిద్ధముగానున్నదనియు ఊహింపవలెను. బండి కుడివైపునుండి వచ్చును, ఇంజను ముందున్నది. సైడింగు పాయింటు కుడికొననుండి, దారి ఎడమవైపున మూసికొనిపోయినదనుకొందము. ఇంజను తిన్నగా వ్యాగనులను లాగుకొని అందులో ప్రవేశించినచో తానే మూసిన కొనవైపు చిక్కుకొనును. వెనుక మూడు చింతపిక్కలు దారి కట్టివేయును. కావున ముందు లూపు గుండా చుట్టివచ్చి, కుడివైపున తగులుకొని, వ్యాగనులను లోనికి నెట్టవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సైడింగులో ఉప్పు వ్యాగనులు అదివరకే ఉన్నవి కదా! వాటిని ముందు బయటికి తీయవలెను. తీసి ఎచ్చట ఉంచవలెను? లూపులో ఉంచినచో ఇంజను చుట్టివచ్చుటకు దారి లేదు. ప్లాట్‌ఫారము లైనులో వడ్లబండి నిలిచియున్నది. కుంకుడుగింజ అటు ఇటు తిరిగి తిరిగి నిలిచిపోవును.

మూడు వస్తువులను మూడు వస్తువులతో మార్చుకొనుటకు నాలుగవ తావు కావలెనను సంగతి ఇచ్చట బయటపడును. రెండు చేతులలోను రెండు చెంబులున్నవాడు వాటిని మార్చుకొనుటకు ఒకదానిని నేలపై పెట్టవలసినదే. అందుచేత మూడు వ్యాగనులు పట్టునట్టి రెండవ సైడింగు గీయవలెను. దానికి ఒక పాయింటును, 550 మిల్లీమీటర్ల పట్టాయు చాలును. గోడమీది గడియారమును చూచుకొని చింతపిక్కలను మరల జరిపినచో, ఈసారి వడ్లు అరుగు చేరును, ఉప్పు బండికి తగులుకొనును. పట్టాలు బిగించిన తరువాత ఈ లోపము తెలిసినచో బల్లను చీల్చవలసియుండెడిది. కాగితముపై తెలిసినందున రబ్బరుతో చెరిపిన చాలును.

పటము స్థిరపడిన పిమ్మట దానిని ఆ దారిలో పనిచేసినవారికిగాని, ఆ బండి ఎక్కినవారికిగాని చూపుట మంచిది. నీళ్ళతొట్టి ఏవైపున ఉండెడిదో, ఏ చెట్టు క్రింద జనులు బండికై కూర్చుండెడివారో పటములో కనబడదు; వారికే తెలియును. వారు చెప్పిన గురుతులకై అరుగు నాలుగంగుళములు జరుగవలసి వచ్చినను జరుపవలెను.

అన్నియు ముగిసి బండి నడచిననాడు, మూడు ఉప్పు వ్యాగనులతో చిన్న ఇంజను నౌపడ విడుచును. వరిచేల నడుమ మెల్లగా పోయి తాటితోపు వెనుకకు మరలును. కొండవెనుక గుప్తమైన లైనులో అది ఆగియుండును. బల్ల ఎదుట నిలిచినవారు కొంతసేపు కొండవైపు చూచుచుందురు. ఆ కాసేపటిలో బండి టెక్కలి దాటినదని ఒకరును, పాతపట్నము చేరియుండునని మరియొకరును అనుకొందురు.