తొడ – ఊరువు : పద పరిచయము

తుంటికిని మోకాలికిని నడుమనున్న కాలిభాగమునకు తెలుగున ‘తొడ’ యని పేరు. మనుష్యశరీరమందలి ఎముకలలో మిక్కిలి పొడవైనది తొడయెముక. ‘తొడ’ తెలుగుమాట. దీనికి సంస్కృతమునుండి వచ్చిన పర్యాయపదము ‘ఊరువు’.

సంస్కృతమున దీని రూపము ‘ఊరు’. ‘గురు’ శబ్దము తెలుగున ‘గురువు’ అయినట్లే, ఇదియు ‘ఊరువు’ అయినది. గ్రామమను అర్థము గల తెలుగు ‘ఊరు’ వేరు. దాని బహువచనము ‘ఊళ్ళు’. సంస్కృత సమాసమున మాత్రము చివరి ‘వు’ నిలువదు. కావున భాసునిదిగా ప్రసిద్ధమైన ‘ఊరుభంగము’ అను నాటకము పేరునకు తొడ విరుగుట యని అర్థము. గ్రామము పాడగుట యని కాదు.

ఆ కథ మహాభారతములోనిది. నిండుసభలో దుర్యోధనుడు ద్రౌపదికి తన యెడమతొడను చూపెను. ఆ తొడను గదతో విరుగగొట్టెదనని భీముడు శపథము చేసి, యుద్ధాంతమున దానిని చెల్లించుకొనెను. నాభికి దిగువను కొట్టుట గదాయుద్ధ నియమమునకు విరుద్ధమగుటచే బలరాముడు ఆగ్రహించెను.

తండ్రి తొడ బిడ్డకు ఆసనము. ధ్రువుడు తండ్రి తొడ నెక్కగోరగా సవతితల్లి సురుచి అడ్డగించెను. హిరణ్యకశిపునకు నేలపైనను ఆకాశమునను చావు లేదని వరము కలదు. అందుచే మారిషస్ తెలుగువారు సింహాద్రి అప్పన్నగా కొలుచు నరసింహస్వామి, వానిని తన తొడలపై నుంచుకొని సంహరించెను.

నిత్యవ్యవహారమున ‘తొడగొట్టుట’ యనగా పోరునకు సవాలు చేయుట. ‘తొడపాశము’ అల్లరిపిల్లలకు తొడపై పెట్టు గిల్లు.

‘తోడబుట్టువు’ అను మాటకు తొడతో సంబంధము లేదు. ‘తోడ’ యనగా వెంట, కూడ. ఒకే తల్లికడుపున వెంట పుట్టినవారు తోడబుట్టువులు. రోమను లిపిలో దీర్ఘమును గుర్తింపక వ్రాసినచో ‘తొడ’, ‘తోడ’ ఒక్కతీరుననే కనబడును. అప్పుడు అన్నదమ్ములు తొడనుండి పుట్టినవారగుదురు! ఓడలపై వచ్చిన పెద్దలు తమ సంతతికి తెలుగును ఎక్కువగా నోటిమాటగానే అందించిరి. ఆ పలుకు వినబడని యింట హ్రస్వదీర్ఘములను నిలుపగలది తెలుగు లిపియే. కావున పిల్లలకు అక్షరములు నేర్పుట అవసరము.

అభ్యాసము: తొడ, తోడ, ఊరు, ఊరువు – ఈ నాలుగు పదములను తెలుగు లిపిలో వ్రాసి, పెద్దల యెదుట పలికి, ఒక్కొక్కదానిని సొంతవాక్యమున ప్రయోగింపుడు.